ప్రాథమిక తరగతుల పిల్లలకు చిత్రకళ మూలకాలు, సూత్రాలు నేర్పడం ఎలా?

"డ్రాయింగు పీరియడ్ నాకే ఇచ్చారు, పిల్లలకు ఏమి చెప్పాలి?" అని ప్రాథమిక పాఠశాలల ఉపాధ్యాయులు తరచుగా అడుగుతుంటారు. ఒకటి నుంచి ఐదో తరగతి వరకు చాలా బడుల్లో ప్రత్యేకంగా డ్రాయింగు మాస్టారు ఉండరు. తెలుగు, లెక్కలు చెప్పేవారే ఆ పీరియడూ చూసుకోవాలి. బల్లమీద ఒక మామిడిపండు వేసి "దీన్ని చూసి వేయండి" అనడంతో గంట గడిచిపోతుంది. ఈ మార్గదర్శి అలాంటి ఉపాధ్యాయుల కోసం రాసింది. మీకు బొమ్మలు వేయడం పెద్దగా రాకపోయినా ఇందులోని పాఠాలన్నీ నడపగలరు.

మూలకాలు ఏడు: రేఖ, ఆకారం, రంగు, ఉపరితల స్పర్శ, వెలుగునీడ, ఘనరూపం, స్థలం. వీటిని కాగితంమీద ఎలా అమర్చాలో చెప్పేవి సూత్రాలు: పునరావృతి, సమతుల్యత, వైరుధ్యం, ప్రాధాన్యం, లయ, అనుపాతం, ఏకత్వం. సూత్రాల జాబితా ఒక్కో పుస్తకంలో ఒక్కో రకంగా కనిపిస్తుంది. ప్రాథమిక స్థాయికి ఈ ఏడూ చాలు.

మొత్తం పద్ధతికి ఆధారం ఒకే నియమం: చేయి ముందు, పేరు తరువాత. పిల్లవాడు పది రకాల గీతలు గీశాకే 'రేఖ' అన్న మాట వినాలి. నిర్వచనం ముందు రాయించారంటే అది పరీక్ష పాఠం అయిపోతుంది, బొమ్మలోకి రాదు.

## 1. ముందుగా సిద్ధం చేసుకోవలసినవి

ఖరీదైన సామగ్రి అక్కరలేదు. అయితే పీరియడ్ మొదలయ్యాక వెతుక్కోవడం మాత్రం పనికిరాదు. కింది వస్తువులను ఒక అట్టపెట్టెలో పెట్టి తరగతి గదిలోనే ఉంచండి.

- పలకలు, సుద్దముక్కలు (తెల్లవి, రంగువి)
- ఒకవైపు ఖాళీగా ఉన్న పాత కాగితాలు, పాత దినపత్రికలు, పెళ్లి శుభలేఖల అట్టలు
- మైనపు క్రేయాన్లు. వాటిలో నల్లవి ఎక్కువగా
- మూడు పోస్టర్ రంగుల సీసాలు, వాటితోపాటు తెలుపు, నలుపు
- ఐదారుగురికి ఒక జట్టు చొప్పున పాత పళ్లేలు, జట్టుకు రెండేసి నీళ్ల డబ్బాలు
- గుండ్రటి కుంచెలు, మధ్యస్థం ఒకటి, లావుపాటిది ఒకటి. మరీ సన్ననివి ఇప్పుడు వద్దు
- మైదాపిండి ఉడికించి చేసిన జిగురు
- తుడుచుకోవడానికి పాత నూలుగుడ్డలు
- జల్లించి తడిపిన చెరువు మట్టి (అవసరమైనప్పుడు మాత్రం)

రబ్బరు, స్కేలు ఈ పెట్టెలో లేవని గమనించే ఉంటారు. మొదటి రెండు నెలలు అవి రెండూ బయటికి రానివ్వకండి. రబ్బరు అందుబాటులో ఉంటే పిల్లలు గీసినదానికంటే చెరిపేదే ఎక్కువ.

ఇంకొకటి: ప్రతి పిల్లవాడికి రెండు దినపత్రిక కాగితాలు మడిచి అతికించి ఒక సంచి చేయండి. సంవత్సరమంతా వేసిన బొమ్మలు అందులోనే ఉండాలి. బొమ్మ వెనుక పేరు, తేదీ రాయించండి. ఈ సంచే తరువాత మీకు మదింపు పుస్తకం అవుతుంది.

## 2. ఏ తరగతిలో ఎంతవరకు

అన్నీ అందరికీ చెప్పాలని తొందరపడవద్దు. ఆరేళ్ల పిల్లవాడు కాగితం అడుగున ఒక గీత గీసి అది నేల అంటాడు, పైఅంచున నీలం పట్టీ వేసి అది ఆకాశం అంటాడు. ఇంటి బొమ్మ వేస్తే గోడలోంచి లోపలి మంచం, పొయ్యి కూడా కనిపిస్తాయి. అవి తప్పులు కావు, ఆ వయసు పిల్లలు లోకాన్ని చూపే తీరే అది. దూరం, దగ్గర గురించి వారికి పాఠం చెప్పినా ఎక్కదు.

- ఒకటి, రెండు తరగతులు: రేఖ, ఆకారం, మూల రంగులు, స్పర్శ, పునరావృతి, రెండువైపులా ఒకేలా ఉండే సమతుల్యత.
- మూడో తరగతి: రంగుల కలయిక, వేడి రంగులు, చల్లని రంగులు, వైరుధ్యం, మట్టితో ఘనరూపం.
- నాలుగో తరగతి: వెలుగునీడ, ఒకదాని వెనుక ఒకటి ఉండడం, ప్రాధాన్యం, లయ.
- ఐదో తరగతి: స్థలం, అనుపాతం, భిన్నమైన వస్తువుల మధ్య సమతుల్యత, ఏకత్వం.

ఐదో తరగతి పిల్లలకు ఇంతకుముందు ఏ పాఠమూ జరగకపోతే వారినీ రేఖతోనే మొదలుపెట్టండి. పెద్ద పిల్లలు కదా అని నేరుగా వెలుగునీడకు వెళితే ఆ పాఠం నిలవదు.

## 3. 40 నిమిషాల పీరియడ్ నడిపే క్రమం

1. 5 నిమిషాలు చూడడం: ఒక వస్తువు లేదా ఒక చిత్రం. "ఏమి కనిపిస్తోంది?" అన్న ఒక్క ప్రశ్న.
2. 5 నిమిషాలు మీరు చేసి చూపడం. చూపాక దాన్ని తుడిచేయండి లేదా తిప్పి పెట్టండి. ఎదురుగా ఉంటే తరగతి మొత్తం దాన్నే నకలు చేస్తుంది.
3. 20 నిమిషాలు పని.
4. 5 నిమిషాలు బొమ్మలన్నీ నేలమీద పరచి చుట్టూ నిలబడి చూడడం. పాఠం పేరు పలకవలసింది ఈ సమయంలోనే.
5. 5 నిమిషాలు శుభ్రం చేయడం. దీన్ని పాఠంలో భాగంగానే లెక్కపెట్టండి, గంట కొట్టాక మిగిలే పనిగా వదలకండి.

పీరియడ్‌కు ఒకే మూలకం. రేఖ పాఠం జరుగుతున్న రోజున రంగు ఇవ్వకండి. పిల్లలు అడుగుతారు, బతిమాలుతారు. రంగు చేతికి వస్తే మిగతాది కంటికి ఆనదు కాబట్టి ఆ రోజుకు ఒప్పుకోవద్దు.

## 4. రేఖ

మొదటిరోజు కాగితమే వద్దు. పిల్లలను నిలబెట్టి గాలిలో భుజం నుంచి చేయి మొత్తం కదుపుతూ నిలువు గీత, అడ్డ గీత, అల, సుడి, మెట్లు గీయించండి. ఆ తరువాత పలకమీద, ఆ తరువాత నేలమీద సుద్దతో. మూడో పీరియడ్‌కు నల్ల క్రేయాను, కాగితం.

శబ్దానికి గీత: కళ్లు మూయించి బల్లమీద డప్పులా కొట్టండి, కాగితం నలపండి, గజ్జె కదపండి, సన్నగా ఈల వేయండి. ప్రతి శబ్దానికి ఒక గీత గీయమనండి. డప్పుకు లావుపాటి పొట్టి గీతలు వస్తాయి, ఈలకు సన్నగా పైకి లేచే గీత వస్తుంది. గీతకు బరువు, వేగం ఉంటాయని వారికి మీరు చెప్పవలసిన పని ఉండదు.

ముగ్గు పాఠం: తెలుగు పిల్లలకు రేఖ నేర్పడానికి ఇంతకంటే మంచి పాఠం లేదని నా గట్టి అభిప్రాయం. '5 చుక్కలు, 3 వరకు సందు చుక్క' పెట్టించండి. అంటే వరుసగా 3, 4, 5, 4, 3 చుక్కలు. మొదట చుక్కలను కలిపే ముగ్గు వేయించండి. అదే చుక్కల చట్రంలో మరుసటి పీరియడ్ చుక్కల చుట్టూ తిరిగే మెలికల ముగ్గు వేయించండి. రెంటినీ పక్కపక్కన పెడితే, ఒకదానిలో గీత చుక్కదగ్గర ఆగుతుంది, రెండోదానిలో చుక్కను తప్పించుకుంటూ సాగుతుంది. ఒక్క చుక్కల అమరికలోంచి రెండు వేర్వేరు స్వభావాల గీతలు పుట్టాయి. మగపిల్లలు "ఇది మా పని కాదు" అంటే వినకండి, అందరిచేతా వేయించండి.

చూపించడానికి చిత్రం కావాలంటే శ్రీకాళహస్తి కలంకారీ అచ్చు ఒకటి సంపాదించండి. వెదురు పుల్ల చివర గుడ్డో ఉన్నో చుట్టి చేసిన కలంతో గీసే ఆ నల్లని గీత కొన్నిచోట్ల లావుగా, కొన్నిచోట్ల సన్నగా ఉంటుంది. ఆ తేడా ఎక్కడెక్కడ ఉందో వేలితో చూపమనండి.

తరచుగా జరిగే పొరపాట్లు, సవరణలు:

- పిల్లలు చిన్న మూలలో చిన్న బొమ్మ వేసి ఆగిపోతారు. గీత ఒక అంచునుంచి ఎదుటి అంచుదాకా తప్పక చేరాలని నియమం పెట్టండి.
- పెన్సిల్ ములుకు దగ్గర బిగించి పట్టుకుంటారు. పొట్టి క్రేయాను ఇచ్చి పక్కవాటుగా పట్టించండి.
- "నాకు వంకరగా వచ్చింది" అని ఏడుస్తారు. వంకర గీతనే మొదలుగా పెట్టుకుని కొత్త బొమ్మ చేయమనండి.

## 5. ఆకారం

గీత తిరిగివచ్చి తన మొదలును తాకితే ఆకారం పుడుతుంది. ఆ క్షణాన్ని పలకమీద చూపండి.

ఒకటో తరగతిలో కత్తెర వద్దు. పాత రంగుల కాగితాలను చేత్తో చింపించండి. చింపిన ముక్కలు వంకరటింకరగా వస్తాయి. వాటిని తిప్పి, తలకిందులు చేసి "ఇది దేనిలా ఉంది?" అని అడగండి. ఒకే ముక్కలో ఒకరికి తాబేలు, ఒకరికి మబ్బు కనిపిస్తాయి. జిగురు పెట్టించి, కళ్లు, కాళ్లు గీయించండి. ఆ తరువాత పీరియడ్‌లో వృత్తం, చతురస్రం, త్రిభుజం కత్తిరించి ఇవ్వండి. లెక్కల పుస్తకంలోని ఆకారాలు ఒక కుప్పగా, చెట్టు ఆకులు, రాళ్లు, నీళ్ల మడుగుల ఆకారాలు ఇంకో కుప్పగా వేరుచేయించండి.

మూడో తరగతి నుంచి ఖాళీ ఆకారం కూడా చూపాలి. కాగితంమీద ఒక వేపరెమ్మ పెట్టి, పాత పళ్లబ్రష్షును పలచని రంగులో ముంచి, బొటనవేలితో తుంపర కొట్టించండి. రెమ్మ తీశాక మిగిలిన తెల్లని ఆకారం చూసి పిల్లలు కేరింతలు కొడతారు. వస్తువుకు ఎంత ఆకారం ఉందో దాని చుట్టూ ఉన్న ఖాళీకీ అంత ఆకారం ఉందని అక్కడే అడిగి రాబట్టండి.

## 6. రంగు

ఎక్కువ పీరియడ్లు కేటాయించవలసిన పాఠం ఇదే, ఎక్కువగా చెడిపోయే పాఠమూ ఇదే. పన్నెండు రంగుల పెట్టె పిల్లల చేతికి ఇవ్వడంతో గొడవ మొదలవుతుంది. మూడు రంగులే ఇవ్వండి. దుకాణంలో అడిగేటప్పుడు లెమన్ ఎల్లో, క్రిమ్సన్, కోబాల్ట్ బ్లూ అని పేర్లు చెప్పి తీసుకోండి.

ఈ పేర్లు ఎందుకంటే, చాలా తరగతుల్లో ఎరుపు, నీలం కలిపితే ఊదా రాక మట్టిరంగు వస్తుంది. పిల్లవాడు తప్పు చేశాడని అనుకుంటారు. తప్పు సీసాలో ఉంది. వెర్మిలియన్, స్కార్లెట్ లాంటి ఎరుపుల్లో పసుపు ఛాయ ఉంటుంది. నీలంతో కలిసినప్పుడు మూడు మూల రంగులూ కలిసినట్టే అయి గోధుమరంగులోకి దిగుతుంది. గులాబీ వైపు మొగ్గే క్రిమ్సన్ అయితే ఊదా శుభ్రంగా వస్తుంది.

కలపడంలో క్రమం. ఇది అన్నింటికంటే ముఖ్యం. లేత రంగు ముందు, ముదురు రంగు తరువాత, చుక్కచుక్కగా.

1. పళ్లెంలో పెసరగింజంత కాదు, చెంచాడు పసుపు వేయండి.
2. కుంచె మొనకు అంటినంత నీలం కలపండి. చిలకపచ్చ వస్తుంది. కాగితంమీద ఒక మచ్చ పెట్టించండి.
3. మరికొంచెం నీలం. ఆకుపచ్చ. ఇంకో మచ్చ.
4. ఇలా ఐదారు మచ్చలు, చివరిది మర్రాకు పచ్చ.
5. ప్రతి మచ్చకూ పిల్లలే పేరు పెట్టాలి: వరినారు పచ్చ, గోంగూర పచ్చ, నాచు పచ్చ.

నీలంలో పసుపు వేస్తూ పోతే సీసా ఖాళీ అవుతుంది గానీ చిలకపచ్చ రాదు. తెలుపుతో లేతరంగు చేసేటప్పుడూ ఇదే సూత్రం: తెలుపులో రంగు కలపాలి. నలుపుతో ముదురు చేసేటప్పుడు రంగులో నలుపు కలపాలి, అదీ ఆవగింజంత.

జట్టుకు రెండు నీళ్ల డబ్బాలు ఎందుకో ఇక్కడ తెలుస్తుంది. ఒకదానిలో కుంచె కడగాలి, రెండోదానిలో జాడించాలి, గుడ్డకు అద్దాలి, అప్పుడే కొత్త రంగులో ముంచాలి. "కడుగు, జాడించు, అద్దు" అని తరగతి మొత్తం పాటలా పలికించండి.

ఎదురెదురు రంగులు. రంగుల చక్రం చార్టు గోడకు తగిలించేముందు ప్రకృతిలో ఈ మూడు జంటలు చూపండి.

- రామచిలుక: ఆకుపచ్చ ఒళ్లు, ఎర్రని ముక్కు.
- వంకాయ పువ్వు: ఊదా రేకులు, మధ్యలో పసుపు.
- చెరువుగట్టున చేపలు పట్టే చిన్న లకుముకి పిట్ట: నీలి వీపు, నారింజరంగు పొట్ట.

చక్రంలో ఎదురెదురుగా ఉండే మూడు జంటలూ ఇవే. పక్కపక్కన ఉంటే ఒకదాన్ని ఇంకోటి మెరిపిస్తుంది, కలిపేస్తే మాత్రం రెండూ మసకబారతాయి. పిల్లలచేత రెండూ చేయించి చూపండి.

వేడి రంగులు, చల్లని రంగులు. ఎండుమిర్చి కల్లం ఒకవైపు, వానాకాలపు చెరువు ఒకవైపు చెప్పి ఒకే ఇంటి బొమ్మను రెండుసార్లు వేయించండి.

ఒక చిన్న ప్రదర్శన కూడా ఉంది: తడి పసుపులో కొంచెం సున్నం కలిపితే ఎర్రబడుతుంది, పారాణి రంగు అదే. పిల్లలకు నోరు తెరిపించే పని ఇది. అయితే సున్నం కంట్లో పడితే ప్రమాదం, అందుకని మీరే కలపండి, పిల్లలు చూడాలి.

పనిలో ఉండగా చూసుకోవలసినవి:

- రంగు పళ్లెంలోనే కలుస్తోందా, సీసాలోనా? సీసాల మూతలు మీ దగ్గరే ఉంచుకోండి.
- కాగితం నీళ్లకు చిరుగుతోందా? కుంచెను గుడ్డకు అద్దించండి.
- తడి రంగు పక్కన తడి రంగు పాకిపోతోందా? మధ్యలో సన్నని తెల్లని సందు వదలమనండి, ఆరాక పూరించవచ్చు.
- ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియని పిల్లలు, ముఖ్యంగా మగపిల్లల్లో, కొందరు ఉంటారు. ఆకులకు గోధుమరంగు వేశాడని కోప్పడే ముందు ఇది గుర్తుంచుకోండి. క్రేయాన్లమీద రంగు పేరు రాసి ఇవ్వండి, తల్లిదండ్రులకు విడిగా చెప్పండి.

## 7. ఉపరితల స్పర్శ

ఒక గుడ్డసంచిలో కొబ్బరిపీచు, గాజుగోలీ, దూది, గరుకు కాగితం, చింతగింజ వేసి, చూడకుండా తాకి చెప్పమనండి. ఆ తరువాత ఆకుల అచ్చులు తీయించండి. సరిగా రావాలంటే మూడు షరతులు: ఆకును ఈనెలు ఉబ్బిన అడుగుభాగం పైకి వచ్చేలా పెట్టాలి, కాగితం పలచగా ఉండాలి, క్రేయాను కాగితపు తొడుగు తీసి పడుకోబెట్టి రుద్దాలి. రావి ఆకు, జామ ఆకు బాగా వస్తాయి.

పెద్ద తరగతుల్లో ఈ అచ్చుల్ని చూసి, ఆ గరుకును పెన్సిల్‌తో గీతలు, చుక్కలు పెట్టి అనుకరించమనండి. తాకితే నున్నగానే ఉండి చూపుకు గరుకుగా కనిపించడం అంటే ఏమిటో అప్పుడు తెలుస్తుంది.

## 8. వెలుగునీడ, ఘనరూపం

ఈ రెండూ కలిసే నడవాలి. ముందు మట్టి, తరువాత పెన్సిల్.

మట్టితో ఉండ, గొట్టం, దిమ్మె చేయించండి. ఈ మూడు వస్తే బొమ్మ వచ్చినట్టే. ఏటికొప్పాక లక్కబొమ్మ ఒకటి, కొండపల్లి బొమ్మ ఒకటి చేతికిచ్చి, వాటిలో ఉండలు, గొట్టాలు ఎక్కడున్నాయో వెతికించండి. మట్టి బొమ్మకు చెవులు, కాళ్లు ఆరాక ఊడిపోతున్నాయని అందరూ చెప్పే ఫిర్యాదుకు మందు సులువు: అతికించే రెండు చోట్లా పుల్లతో అడ్డదిడ్డంగా గీతలు గీసి, చిక్కటి బురద పూసి, నొక్కి, అంచులు వేలితో కలిపేయాలి. ఎండలో కాకుండా నీడలో ఆరబెట్టాలి.

ఇక పెన్సిల్. ఒక వరుసలో ఐదు గళ్లు. మొదటి గడి కాగితం తెలుపు. చివరిగడి ఎంత నలుపు వస్తే అంత నలుపు. ఈ రెండూ ముందు నింపించి, ఆ తరువాత నడిమి గడి, చివరికి మిగిలిన రెండూ. ఎడమనుంచి వరుసగా నింపుతూ పోతే పిల్లలు మూడో గడికే నలుపంతా ఖర్చు చేసేస్తారు.

తరువాత ఒక జామకాయను బల్లమీద పెట్టి, ఒక్క కిటికీ తప్ప మిగతావన్నీ మూయండి. రెండు కిటికీలు తెరిచి ఉంటే రెండు నీడలు పడి పిల్లలు తికమకపడతారు. కళ్లు సగం మూసి చూడమనండి. చిన్న వివరాలు మాయమై వెలుగు ఎక్కడో, చీకటి ఎక్కడో మాత్రమే మిగులుతాయి. ఎక్కువ వెలుగు ఉన్న చోటును పెన్సిల్ తాకకుండా కాగితాన్ని అలాగే వదిలేయాలి. వేలితో పులమడం మొదట్లోనే ఆపించండి, బొమ్మంతా ఒకే బూడిదరంగుకు వస్తుంది.

## 9. స్థలం

తెలుగునాట ఏ బడిలో అడిగినా ఒకటే దృశ్యం వస్తుంది: రెండు కొండలు, మధ్యలో సూర్యుడు, కిందికి దిగే ఏరు, పక్కన గుడిసె, కొబ్బరిచెట్టు. సముద్రం తప్ప కొండే చూడని ఊరిలోనూ ఇదే. దీన్ని తిట్టి మాన్పించలేము. చూసే అలవాటు చేస్తే అదే పోతుంది.

శుభలేఖ అట్టలో అగ్గిపెట్టెంత దీర్ఘచతురస్రపు రంధ్రం కోసి ప్రతి ఒక్కరికీ ఇవ్వండి. ఆవరణలోకి తీసుకెళ్లి, ఒక కన్ను మూసి, ఆ రంధ్రంలోంచి చూడమనండి. అట్టను జరుపుతూ నచ్చినచోట ఆగాలి. రంధ్రం అంచుకు తగిలి తెగిపోయిన చెట్టు తెగినట్టే వేయాలి. "సగం చెట్టేనా, టీచర్?" అని అడుగుతారు. అవును, సగమే.

లోపలికి వచ్చాక కోత పాఠం. ఒక్కొక్కరు మూడు చెట్లు వేసి కత్తిరించాలి: పెద్దది, మధ్యరకం, చిన్నది. జిగురు పెట్టకుండా కాగితంమీద జరుపుతూ చూడాలి.

- పెద్దది కిందికి, చిన్నది పైకి జరిపితే ఏమైంది?
- ఒకటి ఇంకోదాన్ని కొంత కప్పితే ఏది ముందుకు వచ్చింది?
- దూరంగా ఉన్నదానికి లేతరంగు, దగ్గరదానికి ముదురు రంగు వేస్తే?

మూడు ప్రశ్నలకూ పిల్లలే సమాధానం చెప్పాక జిగురు ఇవ్వండి. స్కేలుతో గీతలన్నీ ఒక బిందువులో కలిసే పాఠం ఈ స్థాయిలో అక్కరలేదు.

## 10. సూత్రాలు: నిర్వచనం కాదు, ప్రశ్న

సూత్రాల దగ్గర చాలామంది ఉపాధ్యాయులు చతికిలబడతారు. కారణం, వాటిని కొత్త పాఠాలుగా మొదలుపెట్టడం. పిల్లలు ఇప్పటికే వేసిన బొమ్మల్ని సంచుల్లోంచి తీసి, వాటిమీద ప్రశ్నలు అడగండి.

పునరావృతి. బెండకాయ అడ్డంగా కోసి రంగులో అద్ది అచ్చులు వేయించండి. ఒక బెండ, ఒక ఆకు. ఒక బెండ, రెండు ఆకులు. ఏ వరుస వేశారో పక్కవారు చప్పట్లతో చదవాలి. మచిలీపట్నం కలంకారీ గుడ్డ ఉంటే, చెక్క అచ్చు ఎక్కడ మొదలై ఎక్కడ మళ్లీ పడిందో వెతికించండి.

సమతుల్యత. ఇది మూడు రకాలు. కాగితం మడిచి రంగు నొక్కితే వచ్చే సీతాకోకచిలుక ఒకటి. నడిమి నుంచి చుట్టూ విచ్చుకునే ముగ్గు, పైనుంచి చూసిన బతుకమ్మ రెండోది. మూడోది కష్టం: ఒకవైపు పెద్ద మర్రిచెట్టు, ఇంకోవైపు చిన్న ఎర్రని గాలిపటం. త్రాసులో బెల్లం దిమ్మెకు ఇనుప తూనికరాయి సరితూగినట్టు, చిన్నదైనా కంటిని లాగే రంగు పెద్ద ఆకారానికి సరితూగుతుంది. గాలిపటం కత్తిరించి ఇచ్చి, బొమ్మ ఎక్కడ కుదురుకుందో జరిపి కనుక్కోమనండి.

వైరుధ్యం. లేత పక్కన ముదురు, గరుకు పక్కన నునుపు, పెద్ద పక్కన చిన్న. చేర్యాల నకాషీ చిత్రాల్లో వెనుక పరిచే ఎరుపుమీద మిగతా రంగులు ఎలా పైకి లేస్తాయో చూపండి.

ప్రాధాన్యం. "ముందుగా నీ కన్ను ఎక్కడికి వెళ్లింది?" ఈ ఒక్క ప్రశ్నే పాఠం. తోట వైకుంఠం వేసిన తెలంగాణ స్త్రీల చిత్రం ఒకటి చూపి అడగండి. పిల్లలు చాలావరకు పెద్ద బొట్టునే చూపిస్తారు. ఎందుకని అడిగితే రంగు, గుండ్రదనం, ముఖంలో దాని చోటు అని ఒక్కొక్కటిగా చెబుతారు. ఆ తరువాత కాగితం నిండా ఒకే రకం చేపలు వేసి, ఒక్కదాన్ని మాత్రం తమకు నచ్చిన విధంగా వేరుచేయమనండి.

లయ. చేతులతో "తకిట, తకధిమి" కొట్టించండి, మూడు, నాలుగు. అదే లెక్కలో కాగితంమీద గీతలు. పునరావృతి ఒకేలా సాగుతుంది. లయలో దూరం, పరిమాణం మారుతూ కంటిని నడిపిస్తాయి. కోలాటం ఆడే పిల్లల బొమ్మ ఈ పాఠానికి బాగా కుదురుతుంది.

అనుపాతం. పిల్లలు ముఖం వేసేటప్పుడు కళ్లను నుదుటిమీద పెడతారు. అద్దం ఇచ్చి, కంటినుంచి నడినెత్తికి ఎన్ని వేళ్లు, కంటినుంచి గడ్డానికి ఎన్ని వేళ్లు కొలవమనండి. రెండూ దాదాపు సమానంగా వస్తాయి, అంటే కళ్లు తలకు నడిమధ్యలో ఉన్నాయి. అరచేయి ముఖంమీద పెట్టి చూడమంటే చేయి ఎంత పెద్దదో తెలుస్తుంది. ఈ పాఠం ఐదో తరగతిలోనే. చిన్నపిల్లలు అమ్మను ఇంటికంటే పెద్దగా వేస్తే వేయనివ్వండి.

ఏకత్వం. బొమ్మలో ఒక రంగును కనీసం మూడుచోట్ల వాడమనండి. చెల్లాచెదురుగా ఉన్న బొమ్మ కూడా దగ్గరికి చేరుతుంది. ఎందుకు చేరిందో వారినే చెప్పనివ్వండి.

## 11. పిల్లల బొమ్మ ముందు నిలబడినప్పుడు

- "చాలా బాగుంది" అని ముందుకు సాగిపోవద్దు. కనిపించినది చెప్పండి: "ఈ మూలలో ముదురు నీలం వేశావు. నా చూపు అక్కడే ఆగింది."
- "ఇది ఏమిటి?" అని అడగవద్దు. "దీని గురించి చెప్పు" అనండి.
- పిల్లవాడి కాగితంమీద మీ పెన్సిల్ పెట్టవద్దు. చూపాలంటే వేరే కాగితంమీద గీయండి.
- ఒకరి బొమ్మను ఎత్తి చూపి "ఇలా వేయాలి" అనవద్దు. మరునాడు తరగతి నిండా అదే బొమ్మ ఉంటుంది.
- ఎడమచేతి వాటం పిల్లలను బల్లకు ఎడమ చివర కూర్చోబెట్టండి, పక్కవారి మోచేయి తగలదు.

## 12. తరచుగా ఎదురయ్యే చిక్కులు

తరగతిలో 50 మంది ఉన్నారు. రంగు పాఠం రోజున సగంమంది రంగులు కలపాలి, సగంమంది నల్ల క్రేయానుతో రేఖ పని చేయాలి. మరుసటి పీరియడ్‌కు మారాలి. జట్టుకు ఒకరు నీళ్లు, ఒకరు గుడ్డలు చూసుకోవాలి.

రెండు తరగతులు ఒకే గదిలో ఉన్నాయి. వస్తువు ఒకటే, పని వేరు. ఒకే జామకొమ్మను చూసి చిన్నవారు ఆకుల అచ్చులు తీస్తారు, పెద్దవారు ఖాళీ ఆకారాలు గీస్తారు.

"నాకు రాదు సార్" అని కూర్చుంటాడు. కాగితాన్ని చూడకుండా, వస్తువును మాత్రమే చూస్తూ ఒకే గీతతో వేయమనండి. ఎవరికీ సరిగా రాదు, అందరూ నవ్వుతారు. వాడి భయం అక్కడ సడలుతుంది.

రెండు నిమిషాల్లో అయిపోయిందంటాడు. "కాగితంలో ఖాళీ ఎక్కడుంది? అక్కడ ఏమి జరుగుతోంది?" అని అడగండి.

తల్లిదండ్రులు గీతలు, మచ్చలు చూసి "బొమ్మ ఏదీ?" అంటారు. సంచిలోని మొదటి నెల కాగితం, ఈ నెల కాగితం పక్కపక్కన పెట్టి చూపండి.

## 13. మదింపు

అందంగా ఉందా అన్నదానికి మార్కులు వేయవద్దు. మూడు నెలలకొకసారి సంచి తీసి ఈ ప్రశ్నలకు అవును, కొంతవరకు, ఇంకా లేదు అని రాసుకోండి.

- మూడు రకాలకు తగ్గకుండా గీతలు వాడుతున్నాడా?
- అడగకుండానే రంగు కలుపుతున్నాడా, సీసా రంగే వాడుతున్నాడా?
- కాగితం మొత్తాన్ని లెక్కలోకి తీసుకుంటున్నాడా?
- చూసి వేసినది కనీసం ఒకటైనా ఉందా?
- తన బొమ్మలో ఏది ఎందుకు అలా వేశాడో రెండు వాక్యాల్లో చెప్పగలడా?

చివరి ప్రశ్నను పిల్లవాణ్ణి దగ్గర కూర్చోబెట్టుకుని, బొమ్మ చేతికిచ్చి, నోటితోనే అడగండి. రేఖ, వైరుధ్యం లాంటి మాటలు తనంతట తానే వాడితే ఆ పాఠం అందినట్టు. మాట రాకపోయినా వేలితో చూపి "ఇక్కడ నల్లగా ఉంది కాబట్టి ఇది మెరుస్తోంది" అన్నాడంటే అదీ అందినట్టే, 'అవును' అనే రాసుకోండి. 'ఇంకా లేదు' అని ఎక్కువమందికి రాయవలసి వచ్చిన మూలకాన్ని తరువాతి నెలలో కొత్త వస్తువుతో మళ్లీ మొదలుపెట్టండి.